ఏడు మండలాల లెక్క

2011 జనగణన ప్రకారం తెలంగాణ జనాభా ఎంత? ఈ ప్రశ్నకు రెండు జవాబులు చలామణిలో ఉన్నాయి. కొన్ని పుస్తకాల్లో 3,51,93,978 అని ఉంటుంది, మరికొన్నింటిలో 3,50,03,674 అని. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఏది రాయాలో తెలియక తికమక పడుతుంటారు. విస్తీర్ణం దగ్గరా ఇదే చిక్కు. ఒకచోట 1,14,840 చదరపు కిలోమీటర్లు, ఇంకోచోట 1,12,077.

ఈ జవాబుల్లో ఏదీ తప్పు కాదు. 2014 జూన్ 2న పది జిల్లాలతో తెలంగాణ ఏర్పడింది. పోలవరం ప్రాజెక్టు కోసం ఖమ్మం జిల్లాలోని కొన్ని మండలాలను, కొన్నింటిని పూర్తిగా, కొన్నింటిని పాక్షికంగా, ఆంధ్రప్రదేశ్‌కు బదలాయించారు. వాడుకలో అందరూ ఏడు మండలాలనే అంటారు. మొదటి అంకె పది జిల్లాల పాత హద్దులది. రెండోది ఆ మండలాలు పోగా మిగిలినది. తేడా 1,90,304 మంది. అటు ఆంధ్రప్రదేశ్ జనాభా 4,93,86,799 నుంచి 4,95,77,103కు పెరిగింది, సరిగ్గా అంతే తేడాతో. ఆ మనుషులెవరూ ఇల్లు కదల్లేదు, హద్దే కదిలింది.

ఇప్పుడు జనసాంద్రత కట్టి చూడండి. పాత హద్దులతో చదరపు కిలోమీటరుకు 306 మంది. కొత్త హద్దులతో 312. పాత జనాభాను ఒక పుస్తకం నుంచి, కొత్త విస్తీర్ణాన్ని ఇంకో పుస్తకం నుంచి తీసుకుంటే 314 వస్తుంది. ఈ 314 ఏ తెలంగాణదీ కాదు. కానీ ఒకసారి అచ్చులో పడ్డాక దాన్ని పట్టుకోవడం కష్టం. 306, 312, 314 పక్కపక్కన పెట్టి చూస్తే మూడూ ఒకేలా నమ్మకంగా కనిపిస్తాయి. ఎక్కడి నుంచి వచ్చిందో ఏ అంకె ముఖమ్మీదా రాసి ఉండదు.

డిగ్రీ విద్యార్థులకు గణాంకశాస్త్రం చెప్పడం నా వృత్తి. కొన్నేళ్లుగా నా మనసు ఒకే విషయం చుట్టూ తిరుగుతోంది. అంకెను దాని లెక్కతో సహా పాఠకుడి చేతికివ్వడం ఎలా? కంప్యూటర్ తెరపై చదివే పత్రంలోనే లెక్క చేసే శక్తి కూడా ఇమిడి ఉంటే, చదువుతున్న మనిషి ‘ఆ మండలాలు కలిపితే ఎంత, విడదీస్తే ఎంత’ అని తానే మార్చి చూసుకోగలిగితే, అచ్చయిన అంకెతో మనకున్న సంబంధమే మారిపోతుంది. అలాంటి పత్రాలు ఇప్పుడు సాధ్యమే. సాధనాలున్నాయి, ఉచితంగానే ఉన్నాయి. వాటి గురించే ఈ నాలుగు మాటలు.

మన బడుల్లో లెక్కల పరీక్షకు ఒక నియమం ఉంది. జవాబు ఒక్కటే రాస్తే పూర్తి మార్కులు రావు, స్టెప్పులు చూపించాలి. పక్కన రఫ్ వర్క్ ఉండాలి. చివరి జవాబు తప్పినా, స్టెప్పులు సరిగా ఉంటే కొన్ని మార్కులు పడతాయి. ఎందుకంటే ఎక్కడ తప్పిందో దిద్దేవాళ్లకు కనిపిస్తుంది. పదో తరగతి పిల్లవాడి దగ్గర పట్టుబట్టి రాయించే ఈ స్టెప్పులను, పెద్ద పెద్ద నివేదికల దగ్గర మనం అడగడం మానేశాం. పట్టిక ఉంటుంది, బొమ్మ ఉంటుంది, కింద మూలం పేరుంటుంది. మూలానికీ పట్టికకీ మధ్య జరిగిందేమిటో ఉండదు.

ఈ అలవాటుకు ఒకప్పుడు న్యాయమైన కారణమే ఉంది. కల్యంపూడి రాధాకృష్ణారావు, మనం సి.ఆర్.రావు అని పిలుచుకునే మహా గణాంకవేత్త, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1940ల మొదట్లో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరారు. 1946లో కేంబ్రిడ్జి వెళ్లి, సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన పురాతన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించే పనికి కూర్చున్నారు. ఆ ఎముకల మనుషులు ఏ జనసమూహాలకు దగ్గరివాళ్లో కొలతల ద్వారా తేల్చాలి. ఆ పనిలోంచే గణాంకవేత్త ఆర్.ఎ.ఫిషర్ దగ్గర ఆయన 1948లో పీహెచ్‌డీ పట్టా పొందారు. సహరచయితలతో కలిసి ఆయన రాసిన జెబెల్ మోయా పుస్తకం 1955లో వచ్చింది. అవి చేత్తో తిప్పే లెక్కల యంత్రాల రోజులు. ఒక మాట్రిక్సును తిరగేయడానికే గంటలు పట్టేది. ఆ లెక్క మొత్తాన్ని అచ్చు వేయాలంటే ఏ పత్రికకూ కాగితం చాలదు. అందుకే సారాంశ పట్టిక వేసి ఊరుకోవడం మర్యాదగా స్థిరపడింది. కాగితం తెచ్చిపెట్టిన ఆ ఇబ్బంది ఇవాళ లేదు. అప్పటి మర్యాద మాత్రం అలాగే ఉంది.

దీన్ని మార్చే ఆలోచన మొదట కంప్యూటర్ శాస్త్రం వైపు నుంచి వచ్చింది. డొనాల్డ్ నూత్ 1984లో ఒక వ్యాసం రాశాడు. ప్రోగ్రాం అనేది యంత్రానికి ఆజ్ఞలివ్వడం మాత్రమే కాదు, యంత్రంతో మనం ఏం చేయించదలిచామో సాటి మనిషికి వివరించడం కూడా అన్నది దాని సారం. వివరణనూ కోడ్‌నూ ఒకే ఫైల్లో అల్లి, అందులోంచి చదివే పుస్తకాన్నీ నడిచే ప్రోగ్రాంనూ రెంటినీ తీయవచ్చని చేసి చూపించాడు. గణాంకవేత్తలకు ఈ ఆలోచన సరిగ్గా అతికింది. మేం చేసే పనిలో వ్యాఖ్యానం లేని లెక్కకు అర్థం లేదు, లెక్క లేని వ్యాఖ్యానానికి విలువ లేదు.

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు అధ్యాపకులు తమ విద్యార్థుల కోసం మొదలుపెట్టిన ‘ఆర్’ భాష 1995లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా విడుదలైంది. ఇవాళ గణాంకశాస్త్రం ఎక్కువగా మాట్లాడే భాష అదే. 2002లో ఫ్రీడ్రిష్ లైష్ ‘స్వీవ్’ అనే సాధనం రాశాడు. వ్యాసం మధ్యలో ఆర్ కోడ్ పెడితే, వ్యాసం తయారయ్యేటప్పుడే ఆ కోడ్ నడిచి, పట్టికలూ గ్రాఫులూ వాటి చోట్లలోకి వచ్చి కూర్చునేవి. పదేళ్ల తర్వాత అయోవాలో విద్యార్థిగా ఉన్న యీహుయ్ షియే ‘నిట్‌ఆర్’ రాసి ఈ పనిని ఎంతో తేలిక చేశాడు. పుస్తకాల కోసమే పుట్టిన పద్ధతి వెబ్ పేజీలకూ వచ్చింది. ఇప్పుడు వాడుతున్న ‘క్వార్టో’ ఆ వరసలోదే, 2022లో బయటికొచ్చింది. పైథాన్ వాడేవాళ్లకు ‘జూపిటర్’ నోట్‌బుక్కులున్నాయి. పేర్లు ఎన్నయినా పని ఒకటే కాబట్టి ఈ చరిత్రను ఇంతకంటే సాగదీయను.

పని ఎలా జరుగుతుందో చెప్పడం ముఖ్యం. మామూలు పదాలతో పేరా రాస్తాం. దాని కింద కోడ్ ముక్క పెడతాం, మావాళ్లు దాన్ని చంక్ అంటారు. డేటా ఫైలును చదువు, మండలాల వారీగా కూడు, విస్తీర్ణంతో భాగించు అని అందులో ఉంటుంది. మళ్లీ పేరా, మళ్లీ చంక్. ఫైలును రెండర్ చేస్తే కోడ్ మొదటి నుంచి చివరిదాకా నడిచి, వచ్చిన ఫలితాలతో వెబ్ పేజీ తయారవుతుంది. వాక్యం మధ్యలో వచ్చే అంకెను కూడా చేత్తో టైపు చేయనక్కర్లేదు. ‘జనసాంద్రత 312’ అని రాసే బదులు, 312 ఉండాల్సిన చోట దాన్ని లెక్కించే చిన్న కోడ్ పెడతాం. రేపు డేటా మారితే వాక్యంలోని అంకె తనంతట తాను మారుతుంది.

ఇక్కడ కాసేపు ఆగాలనిపిస్తుంది నాకు. ఎందుకంటే రచయితగా ఈ సదుపాయం నన్ను మొదట్లో కొంత భయపెట్టింది. అంకె మారుతుంది సరే, దాని పక్కనున్న క్రియ? ‘అక్షరాస్యత 4 శాతం పెరిగింది’ అని రాశాను. డేటా సవరించాక అంకె మైనస్ 1 అయింది. వాక్యం ‘మైనస్ 1 శాతం పెరిగింది’ అని నిలబడి ఉంటుంది. పెరిగింది, తగ్గింది అన్న మాటలను కూడా కోడ్‌తో ఎంపిక చేయించవచ్చు, అది పెద్ద పనేమీ కాదు. కానీ ఆ తర్వాతి వాక్యంలో ‘బడులు పెరగడమే దీనికి కారణం’ అని ఉందనుకోండి. తగ్గినప్పుడు ఆ కారణం ఏమవుతుంది? కారణాన్ని ఏ చంకూ లెక్కించదు. అది రచయిత తీర్పు. ఇలాంటి పత్రాలు రాయడం మొదలుపెట్టాక నాకు స్పష్టంగా తెలిసొచ్చిన సంగతి ఇది. ఒక వాక్యంలో ఎంత భాగం డేటా చెబుతోంది, ఎంత భాగం నేను చెబుతున్నాను అన్న గీత ఎక్కడుందో కోడ్ రాస్తేనే కనబడుతుంది. కాగితం మీద రాసేటప్పుడు ఆ రెండూ ఒకే సిరాలో కలిసిపోతాయి.

లెక్క కనబడకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఆర్థికశాస్త్రంలో ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ అనే ఇద్దరు పేరున్న ఆర్థికవేత్తలు ఒక వ్యాసం ప్రచురించారు. ప్రభుత్వ రుణం జీడీపీలో 90 శాతం దాటిన సంపన్న దేశాల్లో సగటు వృద్ధి రేటు మైనస్ 0.1 శాతం అని అందులో ఉంది. యూరప్‌లోనూ అమెరికాలోనూ ఖర్చులు తగ్గించాలని వాదించిన రాజకీయ నాయకులు ఈ అంకెను పదేపదే ఉదహరించారు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో థామస్ హెర్న్‌డన్ అనే పరిశోధక విద్యార్థి, తరగతి పనిలో భాగంగా ఆ లెక్కను తిరిగి చేయబోయాడు. ఎంత చేసినా ఆ అంకె రాలేదు. చివరికి రచయితలనే అడిగితే వాళ్లు తమ ఎక్సెల్ ఫైలు పంపారు. తెరిచి చూస్తే, సగటు కట్టే సూత్రం 30వ వరస నుంచి 49వ వరస దాకా వెళ్లాల్సింది, 44 దగ్గరే ఆగిపోయింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ అనే అయిదు దేశాలు సగటులోకి రాలేదు. అన్నీ సవరించి 2013లో హెర్న్‌డన్, ఆయన అధ్యాపకులు కట్టిన సగటు 2.2 శాతం.

ఈ కథను ఎక్సెల్ పొరపాటు కథగా చెప్పుకోవడం రివాజు. నాకు అందులో మిగతా సగమే ఎక్కువ ముఖ్యం అనిపిస్తుంది. మైనస్ 0.1 నుంచి 2.2కు మారడంలో ఆ వరసల పొరపాటు వాటా చిన్నది. పెద్ద వాటా ఎంపికలది. కొన్ని దేశాల కొన్ని సంవత్సరాలు లెక్కలోకి రాలేదు. ఇంకా, ఒక్కో దేశానికి ఒక్కో సగటు కట్టి ఆ సగటులకు సగటు తీశారు. బ్రిటన్ ఆ అధిక రుణ స్థితిలో 19 ఏళ్లుంది, న్యూజిలాండ్ విషయంలో లెక్కలోకి వచ్చింది ఒకే ఒక్క ఏడాది, అదీ బాగా దెబ్బతిన్న ఏడాది. ఆ ఒక్క ఏడాదికీ ఆ 19 ఏళ్లకూ సమాన విలువ దక్కింది. ఇది పొరపాటు కాదు. దేశాన్ని ఒక యూనిట్‌గా తీసుకోవాలా, సంవత్సరాన్ని తీసుకోవాలా అన్నది గణాంకశాస్త్రంలో నిజంగా వాదించదగ్గ ప్రశ్న. రైన్‌హార్ట్, రోగాఫ్‌లు సూత్రంలో తప్పు జరిగిందని ఒప్పుకున్నారు, తమ ఎంపికలను మాత్రం సమర్థించుకున్నారు. వాళ్ల వైపూ వాదన ఉంది.

కాబట్టి కోడ్ బయటపెట్టడం తప్పులు పట్టుకోవడానికి పనికొస్తుందన్నది నిజమే కానీ, అది సగం నిజం. ప్రతి అంకె వెనుకా ఎవరో ఒకరు చేసిన ఎంపికలుంటాయి. ఏ సంవత్సరం నుంచి మొదలుపెట్టాలి, ఏ హద్దులు తీసుకోవాలి, లేని డేటాను ఏం చేయాలి, దేనికెంత బరువు ఇవ్వాలి. ఇవి తప్పొప్పులు కావు, తీర్పులు. పాఠకుడు ఆ తీర్పు తానే ఇచ్చి చూసుకోవడానికి వీలు కల్పించడమే ఇలాంటి పత్రాల అసలు ప్రయోజనమని నా నమ్మకం. ఆ ఆర్థిక వ్యాసం పక్కన ఒక మీట ఉండి, ‘దేశానికొక ఓటు’ నుంచి ‘సంవత్సరానికొక ఓటు’కు తిప్పగలిగి ఉంటే, ఆ అంకె అక్కడికక్కడే కదిలేది. ఎంత తేలిగ్గా కదులుతుందో కళ్లారా చూసినవాళ్లు దాని మీద అంత బరువు మోపేవారు కాదు.

కోడ్ నడిచి ఆగిపోయిన పత్రానికి మీటలు ఎలా వచ్చాయి? 2012లో ఆర్‌స్టూడియో సంస్థలో జో చెంగ్ రూపొందించిన ‘షైనీ’తో ఈ దారి తెరుచుకుంది. తెరపై స్లైడర్ జరిపితే ఆ సంగతి ఇంటర్నెట్ ద్వారా ఎక్కడో ఉన్న సర్వర్‌కు చేరుతుంది. అక్కడ ఆర్ నడుస్తూ ఉంటుంది. మారిన విలువ మీద ఆధారపడ్డ లెక్కలను మాత్రమే తిరిగి చేసి, కొత్త గ్రాఫును పంపుతుంది. పద్ధతి బాగుంది గానీ సర్వర్‌కు అద్దె కట్టేవాళ్లుండాలి. ప్రాజెక్టుకు నిధులు అయిపోయిన రోజున పత్రం మూగబోతుంది.

2023లో వెలువడిన ‘వెబ్‌ఆర్’ ఈ చిక్కుకు మంచి విరుగుడు. ఆర్ లోపల ఉన్నది చాలావరకు సీ, ఫోర్ట్రాన్ భాషల్లో రాసిన కోడ్. దాన్నంతా బ్రౌజర్ నేరుగా నడపగల వెబ్‌అసెంబ్లీ రూపంలోకి జార్జ్ స్టాగ్, ఆయన సహచరులు మార్చారు. అంటే పాఠకుడు పేజీ తెరవగానే ఆర్ మొత్తం అతని కంప్యూటర్‌లోకి దిగి అక్కడే నడుస్తుంది. సర్వర్ అక్కర్లేదు, ఇన్‌స్టాల్ చేసే పనిలేదు. మా ల్యాబుల్లాంటి చోట్ల, ఏ సాఫ్ట్‌వేర్ పెట్టాలన్నా అనుమతులు కావాల్సిన చోట్ల, ఇది ఎంత పెద్ద విషయమో పాఠం చెప్పేవాళ్లకే తెలుస్తుంది. ఖర్చు లేదని కాదు. మొదటిసారి కొన్ని మెగాబైట్లు దించుకోవాలి, సిగ్నల్ సరిగా లేని ఊళ్లో అది ఓపికకు పరీక్షే. డేటా కూడా పాఠకుడి కంప్యూటర్‌లోకి వస్తుంది కాబట్టి మనుషుల పేర్లూ జబ్బులూ ఉన్న ఫైళ్లను ఇందులో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. మొత్తాలుగా కూడిన అంకెలనే పెట్టాలి.

తరగతిలో దీని ప్రభావం ఎలాంటిదో ఒక ఉదాహరణతో చెబుతాను. ఒక జబ్బుకు పరీక్ష ఉందనుకుందాం. జబ్బు ఉన్నవాళ్లలో 90 శాతం మందిని పట్టుకుంటుంది. జబ్బు లేనివాళ్లలో 95 శాతం మందికి లేదనే చెబుతుంది. మీకు పాజిటివ్ వచ్చింది. జబ్బు నిజంగా ఉండే అవకాశం ఎంత? విద్యార్థుల్లో చాలామంది 90 శాతం అంటారు. బోర్డు మీద బేయస్ సూత్రం రాసి నిరూపిస్తే తలలూపుతారు, పరీక్షలో సరిగ్గా రాస్తారు, బయట మళ్లీ 90 అంటారు. ఇదే ప్రశ్నను ఒక స్లైడర్ ఉన్న పేజీగా ఇచ్చి చూడండి. జనంలో జబ్బు ఎంతమందికి ఉందన్నదే ఆ స్లైడర్. 1 శాతం దగ్గర పెడితే, పదివేల మందిలో జబ్బున్న 100 మందిలో 90 మందికి పాజిటివ్, జబ్బు లేని 9,900 మందిలో 495 మందికి కూడా పాజిటివ్. మొత్తం 585 పాజిటివ్‌లలో నిజమైనవి 90, అంటే 15 శాతం. స్లైడర్‌ను 20 శాతానికి జరిపితే అదే పరీక్ష, అదే కాగితం, ఇప్పుడు 82 శాతం నమ్మదగినది. జరిపింది వాళ్ల వేలే. పరీక్ష మారలేదు, జనం మారారు అన్న మాట అప్పుడు వాళ్ల నోటి నుంచే వస్తుంది. నేను చెప్పనక్కర్లేదు.

అయితే మీటలు పెట్టడంలో ఒక నీతి ఉంది, దాని గురించి ఈ రంగంలో కావలసినంత చర్చ జరగడం లేదని నా బాధ. ఏ మీట ఇవ్వాలో నిర్ణయించేది రచయితే. గ్రాఫు రంగు మార్చుకోవడానికి, అక్షరాల సైజు పెంచుకోవడానికి మీటలిచ్చి, అసలు ఫలితాన్ని తలకిందులు చేసే ఎంపికను కోడ్ లోపల బిగించి ఉంచితే, పాఠకుడికి అన్నీ తన చేతిలో ఉన్నట్టు అనిపిస్తుంది, నిజానికి ఏమీ ఉండదు. ఇది మామూలు కాగితం కంటే అన్యాయం. ఇరవై స్లైడర్లు పెట్టడమూ అంతే అన్యాయం. దేన్ని ముందు కదపాలో తెలియని పాఠకుడు అన్నింటినీ కాసేపు అటూ ఇటూ జరిపి వెళ్లిపోతాడు. నా దృష్టిలో మంచి పత్రానికి ఒకటో రెండో మీటలు చాలు. రచయితకు ఏ ఎంపిక దగ్గర మనసు ఊగిసలాడిందో ఆ ఎంపిక దగ్గరే మీట పెట్టాలి. పేజీ తెరవగానే కనిపించే స్థానంలో, రచయిత నిజంగా నమ్మే విలువ ఉండాలి. దాన్ని ఎందుకు నమ్ముతున్నాడో పక్కన రాయాలి. తెలంగాణ జనసాంద్రత పేజీకి ఒక్క మీటే చాలు, ఆ మండలాలు కలిపి, విడిచి. దాన్ని తిప్పినప్పుడు జనాభా, విస్తీర్ణం రెండూ కలిసే మారేలా కోడ్ రాస్తే 314 పుట్టే అవకాశమే ఉండదు.

మన రెండు రాష్ట్రాలకు ఈ పద్ధతి అవసరం మామూలుది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 23 జిల్లాలుండేవి. 2016 అక్టోబరులో తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. కొత్త జిల్లాల్లో ఏ మండలం ఎటు వెళ్లిందో చూడకుండా, పాత వరంగల్ అక్షరాస్యతనూ కొత్త వరంగల్ అక్షరాస్యతనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పేరు అదే, చోటు అది కాదు. అచ్చయిన జిల్లా పట్టికలతో ఎవరూ ఏమీ చేయలేరు. మండల స్థాయి డేటా, ‘ఏ మండలం ఎప్పుడు ఏ జిల్లాలో’ అన్న ఒక చిన్న ఫైలు, వాటిని కూడే కోడ్, ఈ మూడూ పత్రంలో ఉంటే 2011 డేటాను పాత జిల్లాలతోనూ కొత్త జిల్లాలతోనూ క్షణంలో చూడొచ్చు. కొత్త మండలాలు ఏర్పడ్డ చోట గ్రామాల స్థాయికి దిగాలి, పని పెరుగుతుంది. అయినా అది ఒకరు ఒకసారి చేస్తే వందమందికి పనికొచ్చే పని. ఇప్పుడేమో ఆ వందమందీ తలుపులేసుకుని ఎవరికి వారే చేస్తున్నారు.

ఈ పత్రాలు శాశ్వతమని నేను చెప్పను. ఒకప్పుడు గణాంక పాఠాల కోసం ఎందరో అధ్యాపకులు కష్టపడి జావా ఆప్లెట్లు రాశారు. బ్రౌజర్లు ప్లగిన్లను తీసేయడంతో అవన్నీ ఖాళీ పెట్టెలుగా మిగిలాయి. 2020 చివర ఫ్లాష్ కూడా వెళ్లిపోయింది. ఆర్ లోపలా మార్పులు జరుగుతుంటాయి. 2019లో వచ్చిన 3.6.0 వెర్షన్‌లో యాదృచ్ఛిక నమూనా తీసే పద్ధతిని సరిదిద్దారు. దాంతో అదే సీడ్, అంటే యాదృచ్ఛిక ఎంపికను మొదలుపెట్టే అంకె, ఇచ్చినా పాత వెర్షన్‌లో వచ్చిన నమూనా రాదు. సవరణ మంచిదే, కానీ పాత వ్యాసం ఫలితం అక్షరాలా తిరిగి రాకపోతే దానికి కారణం ఇదీ కావచ్చని తెలిసి ఉండాలి. అందుకే ఏ వెర్షన్‌తో లెక్క చేశారో పత్రం అడుగున రాసి తీరాలి. మీటలన్నీ పనిచేయడం మానేసినా, రచయిత నమ్మిన విలువతో వచ్చిన గ్రాఫూ దాని వివరణా చదవడానికి మిగలాలి. వచనం సొంత కాళ్ల మీద నిలబడలేని పత్రాన్ని ఏ సాంకేతికతా కాపాడదు.

తెలుగులో రాసేవాళ్లకు వెబ్ పేజీ మరో మేలు చేస్తోంది. ఆర్‌లో మామూలు పద్ధతిలో పీడీఎఫ్ గ్రాఫు గీసి, అక్షం మీద ‘వర్షపాతం’ అని తెలుగులో రాస్తే అక్షరాల బదులు చుక్కలు వస్తాయి. దాన్ని సరిచేయడానికి దారులున్నాయి, కొత్తవాళ్లకు అవి అంత తేలిగ్గా దొరకవు. బ్రౌజర్ దగ్గర ఆ బాధ లేదు. గుణింతాలూ ఒత్తులూ కూర్చడం బ్రౌజర్‌కు బాగా వచ్చు. గ్రాఫులోని అక్షరాలను అదే గీసేలా పంపితే ‘కృష్ణా’, ‘నిర్మల్’, ‘చిత్తూరు’ ఎక్కడా విరగవు. ఈ పత్రాలు రాసే మార్క్‌డౌన్ అనే సాదా అక్షరాల ఫైల్లో తెలుగు పేరాలు నేరుగా టైపు చేసుకోవచ్చు. పావులూరి మల్లన గణితాన్ని తెలుగు పద్యాల్లో చెప్పిన కాలం నుంచీ లెక్క తెలుగులో ఇమిడే విషయమే. గణాంకశాస్త్రం ఇంగ్లీషులో చదివి, ఆలోచన మాత్రం తెలుగులో చేసే పిల్లలు మా తరగతుల్లో నిండా ఉన్నారు. వాళ్ల జిల్లా వర్షాలనూ వాళ్ల మార్కెట్ యార్డు మిర్చి ధరలనూ వాళ్ల మాటల్లో వివరించే, వాళ్ల వేలితో కదిలే పత్రాలు వాళ్లకు కావాలి. అలాంటివి తెలుగులో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా నా కంటపడలేదు.

గణాంక శాఖల్లో పనిచేస్తున్న మిత్రులకు నా విన్నపం ఒక్కటే. ఏటా వెలువరించే పుస్తకంలో పట్టికను పీడీఎఫ్‌గా ఇస్తున్నప్పుడు, దాని వెనకున్న అంకెలను సీఎస్‌వీ ఫైలుగా కూడా ఇవ్వండి. ఏ హద్దులు, ఏ తేదీ నాటివో మొదటి వరసలోనే రాయండి. విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేయిస్తున్న ఆచార్యులు, థీసిస్‌తో పాటు కోడ్ కూడా సమర్పించాలని నియమం పెట్టవచ్చు. దానికి నిధులూ భవనాలూ అక్కర్లేదు.

ఇక డిగ్రీ, పీజీ విద్యార్థులకు. ఆర్ ఉచితం, క్వార్టో ఉచితం. ఈ ఏడాది మీ ప్రాజెక్టును దాంట్లో రాయండి. మీ మండలం డేటాతో మొదలుపెట్టండి, ఒక్క మీట పెట్టండి, అది ఎందుకు పెట్టారో తెలుగులో నాలుగు వాక్యాలు రాయండి. గైడ్ బైండు చేసిన కాపీయే కావాలంటే, అదే ఫైలు నుంచి పీడీఎఫ్ కూడా వస్తుంది.